పదకొండు గళ్ళు

టాటానగర్‌లో, బర్మామైన్స్ పేటలో ఒక మందుల షాపు మేడ మీద రెండు గదుల కంప్యూటర్ సెంటర్ ఉంది. అందులో చాలా ఏళ్ళుగా నేను సి భాష చెబుతున్నాను. ఇప్పుడు సి ఎవరికీ అక్కర్లేదు. డిప్లొమా మొదటి ఏడాదిలో ఆ పేపరు ఇంకా ఉంది కాబట్టి పిల్లలు వస్తారు. పేపరు గట్టెక్కగానే మెట్ల మీద ఎదురుపడినా గుర్తుపట్టరు. చేరిన రోజే "మేడమ్, పైథన్ కబ్ సే హోగా?" అని, ఆ కొత్త భాష ఎప్పుడు మొదలవుతుందని అడుగుతారు. పెళ్ళిచూపులకొచ్చి, పెద్దపిల్ల ఎదురుగా కూర్చుని ఉండగా చెల్లెల్ని పిలవమన్నట్టు ఉంటుంది నాకు. ఆ ముచ్చట ఒకసారి మా ఇంట్లో జరిగింది కూడా, అందుకే అంత ఖచ్చితంగా చెబుతున్నాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చెల్లెలు పెళ్ళయి భిలాయి వెళ్ళింది. నేను భుయ్యాడీహ్‌లో నాన్న కట్టిన ఇంట్లోనే అమ్మతో ఉండిపోయాను. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కాంట్రాక్టు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన పోయాక కూడా అమ్మ ఉన్నన్నాళ్ళు ఇంట్లో తెలుగు మోగుతూనే ఉండేది. అమ్మ కూరగాయల బండి వాడితో కూడా తెలుగులోనే పోట్లాడేది, వాడు హిందీలో జవాబిచ్చేవాడు, ఇద్దరికీ బేరం కుదిరేది. అమ్మ పోయిన ఏడాది వానాకాలంలో ఒకరోజు అన్నం వార్చుకుంటూ చెయ్యి కాల్చుకుని "అమ్మా" అన్నాను. ఎనిమిది రోజుల్లో నా నోటి నుంచి వచ్చిన మొదటి తెలుగు మాట అదేనని అప్పుడు తట్టింది. చెయ్యి నీళ్ళల్లో పెట్టుకుని అలాగే నిలబడి ఏడ్చాను.

మా వీధిలో తెలుగువాళ్ళు లేక కాదు. ఉన్నారు. పండగలకీ పేరంటాలకీ పిలిచేవారు. వెళితే పెళ్ళి మాట ఎత్తేవారు, నేను ఏదో ఒకటి కసురుకునేదాన్ని. నేను వెళ్ళడం మానేశాను, వాళ్ళు పిలవడం మానేశారు. వాళ్ళ పిల్లల్ని వీధిలో పలకరిస్తే "హాఁ ఆంటీ, ఠీక్ హూఁ" అని వెళ్ళిపోతారు. తప్పు వాళ్ళదేమీ కాదు. తెలుగు మాటకి మొహం వాచి ఉన్నానని ఎవరికి చెప్పుకుంటాం?

ఆ తరువాతి వేసవిలో ఆమె వచ్చింది. ఎండకి మాడిన మొహం, సల్వార్ కింద మగవాళ్ళ బూట్లు, బూట్ల మీద ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము. ముప్పై అయిదు దాటి ఉంటాయి. వాకిట్లో నిలబడి "మేడమ్, సి సీఖ్‌నా హై. కిత్‌నా దిన్ లగేగా?" అంది. ఎన్ని రోజులు పడుతుందనేది మనిషిని బట్టి ఉంటుందని హిందీలోనే చెప్పి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. తన పేరు కొట్టమన్నాను. ఒక వేలితో కీబోర్డు మీద వెతుక్కుంటూ తనలో తను గొణుక్కుంది.

"ఓలమ్మ, ఈటిని వరసగా పెట్టడానికి ఏటైనాది వీళ్ళకి?"

నేను అడుగు వెనక్కి వేశాను. మా అమ్మ అయినా అదే మాట అనేది, ఆ గొంతుతోనే అనేది.

"మీది ఏ ఊరు?" అన్నాను.

ఆమె తిరిగి చూసి నోరు తెరిచింది. "మీరు తెలుగోరా మేడమ్? ముందే సెప్పొచ్చు గదా! ఇందాకట్నుంచీ నా హిందీతో మిమ్మల్ని సంపుకుతింతన్నాను."

వాళ్ళది టెక్కలి దగ్గర. భర్త టాటానగర్ యార్డులో షంటింగ్ పనిలో ఉండేవాడు, జబ్బు చేసి పోయాడు. ఆ ఉద్యోగం బదులు ఆమెకి క్లర్కు పని ఇచ్చారు. క్లర్కంటే కుర్చీ అనుకుంటాం. ఈమె పని యార్డులో రాళ్ళ మీద నడవడం. ఆగి ఉన్న గూడ్సు పక్కనే ఒక కొస నుంచి ఇంకో కొసకి నడుస్తూ ప్రతి వ్యాగన్ నంబరూ పుస్తకంలో రాయాలి. ఈ రోజుల్లో నంబర్లు మెషీన్లే చదువుకుంటాయంటారు, కానీ మెషీన్ చదవని వ్యాగన్లు, రంగు పోయినవి, మసి పట్టినవి చాలా ఉంటాయట. ఆ రాళ్ళ మీద నడిచి నడిచి మోకాళ్ళు అరిగిపోయాయంది. చక్రధర్‌పూర్ రైల్వే ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్‌కి లోపలివాళ్ళ నుంచే కొందరిని ఎంచుకుంటారట. ముందు రాత పరీక్ష, తరువాత వాళ్ళ ఎదుట కూర్చుని సి లో ప్రోగ్రాం రాసి నడిపించాలి. నెగ్గితే నీడపట్టున పని, క్వార్టరు, కూతురికి అక్కడే బడి.

అంటే ఈమె నెగ్గితే వెళ్ళిపోతుంది. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు.

పొద్దుటి డ్యూటీ దిగి వారానికి మూడు రోజులు మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. ఆ సమయంలో సెంటర్ ఖాళీ. రెండు వారాలు "మేడమ్, మీరు" అని పిలిచింది. మూడో వారం ఒకరోజు మాటల్లో "అప్పా" అనేసి నాలుక కరుచుకుంది. "అలాగే పిలువు" అన్నాను, పొడిగా, బోర్డు వైపు తిరిగి. మా వైపు అక్కని అప్ప అంటారు. చెల్లెలు భిలాయి వెళ్ళాక దీదీ అనడం మొదలుపెట్టింది. అప్ప అనిపించుకుని ఎన్నేళ్ళయిందో నాకు లెక్క తెలియదు.

ఎవరికైనా నేను మొదట చెప్పేది ఒకటే. కంప్యూటర్ లోపల అక్షరాలు లేవు. అంకెలే ఉన్నాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఎప్పుడో నిర్ణయించి పెట్టారు, దాన్నే దాచుకుంటుంది. పెద్ద ఏ అంటే అరవై అయిదు, బి అంటే అరవై ఆరు. పర్సెంట్ సి అని రాసి ప్రింట్ చెయ్యమంటే ఏ అని చూపిస్తుంది, పర్సెంట్ డి అంటే అరవై అయిదు అని చూపిస్తుంది. గదిలో ఉన్నది ఒకటే వస్తువు, ఎలా చూపించమంటే అలా చూపిస్తుంది. పిల్లలకి ఇది చెబితే ఫోన్లోంచి తల ఎత్తరు. ఈమె రెండు వరసలూ ప్రింటయ్యాక తెరకి మొహం ఆనించి చూసింది. తరువాత సున్నా కొట్టి చూసింది. నలభై ఎనిమిది వచ్చింది.

"ఇదేటప్పా? సున్నాకి ఇలవ నేదని మా మేష్టారు సిన్నప్పుడే సెప్పినాడు. ఇక్కడ దానికి నలభై ఎనిమిదా?"

"అది రాసే సున్నా. బొమ్మ. దాని విలువ కావాలంటే నలభై ఎనిమిది తీసెయ్యి. ఒకటి నలభై తొమ్మిది, దాంట్లోంచి నలభై ఎనిమిది తీస్తే ఒకటి. తొమ్మిది దాకా అంతే."

"మరి సున్నాని సున్నాగానే దాసుకుంటే పోనుగదా. వీళ్ళకి పని నేదు." అలా తిడుతూనే నేర్చుకుంది. తిట్టుకుంటూ నేర్చుకున్నది మర్చిపోరు, అది నా అనుభవం.

వ్యాగన్ నంబరుకి పదకొండు అంకెలుంటాయి. పుస్తకం తెచ్చి చూపించింది. మొదటి రెండూ వ్యాగన్ రకం, తరువాతి రెండూ ఏ రైల్వేదో, ఇంకో రెండు పుట్టిన ఏడాది, నాలుగు దాని సొంత నంబరు, ఆఖరిది సాక్షి. ముందున్న పదింటినీ ఒక పద్ధతిలో కూడితే ఆ ఆఖరి అంకె రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు రాశారని అర్థం. ఆ కూడిక ఆమె నోటితో చేసేసేది, నేను కాగితం తీసేలోపు. నంబరు చదవడంలో ఒక పాట ఉండేది. రెండు, రెండు, రెండు, నాలుగు, ఆగి ఒకటి. ప్రతి నంబరు చివరా నిలువుగా ఒక చిన్న గీత గీసేది. గీత లేకపోతే పక్కన ఎవరైనా ఇంకో అంకె చేర్చే ప్రమాదం ఉందని పని నేర్పిన ముసలాయన చెప్పాడట. పన్నెండు అంకెలు రాసిన క్లర్కుని చూసి యార్డంతా నవ్వుతారంది. "పదకొండంతే పదకొండేనప్పా. నిద్దట్లో లేపి అడిగినా పదకొండే."

అదే ప్రోగ్రాంగా రాద్దామన్నాను. అంత పెద్ద అంకె మామూలు అంకెల గదిలో పట్టదు, పొంగిపోతుంది. అయినా వ్యాగన్ నంబర్లు ఒకదానితో ఒకటి కూడేది లేదు, తీసేది లేదు. అది పేరు లాంటిది. పేర్లని అక్షరాలుగా దాచాలి, వరసగా గళ్ళు వేసి గడికొక అక్షరం. ఆ వరస ఎక్కడ అయిపోయిందో కంప్యూటర్‌కి తెలియాలి కాబట్టి చివర ఒక గుర్తు పెడుతుంది. అది నలభై ఎనిమిది సున్నా కాదు, నిజమైన సున్నా, ఏమీ లేని సున్నా. ప్రింట్ చేసేటప్పుడు మొదటి గడి నుంచి మొదలుపెట్టి ఆ గుర్తు కనిపించేదాకా చదువుకుంటూ పోతుంది. కనిపించకపోతే ఆగదు, పక్కవాళ్ళ గళ్ళు కూడా చదివేస్తుంది.

"నా గీత!" అంది ఆమె, తొడ మీద చరుచుకుని.

"నీ గీతే" అన్నాను. ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆమె స్టీలు డబ్బాలో ఎండుచేపల పులుసు తెచ్చింది. కింద మందుల షాపు వాడు వాసనకి పైకి వచ్చి చూసి వెళ్ళాడు.

ఆ నెలలు నేను బాగున్నాను. పిల్లల మీద అరవడం తగ్గింది. మంగళ, గురు, శని మధ్యాహ్నాల కోసం చీర ఇస్త్రీ చేసుకునేదాన్ని. ఆమె, తను తెలుగులో అడిగితే కూతురు హిందీలో చెబుతుందని, తిడితే మాత్రం తెలుగు అర్థమవుతుందని చెప్పుకుని బాధపడేది. మా అమ్మ వాడిన మాటలు ఒక్కొక్కటే ఆమె నోట్లోంచి వస్తుంటే వినడానికే అడ్డమైన ప్రశ్నలూ వేసేదాన్ని. పాఠం అరగంట, మాటలు గంటన్నర.

రాత పరీక్ష ఆమె నెగ్గింది. ప్రాక్టికల్‌కి పన్నెండు రోజులు గడువిచ్చారు. ఆ మధ్యాహ్నం ఎంత హుషారుగా వచ్చిందో. "నెగ్గితే వచ్చే నెల్లోనే ఎల్లిపోవాలంటప్పా. క్వార్టరు కూడా సూసీసినారు. కిటికీలోంచి సెట్లు కనబడతాయంట" అంటూనే కూర్చుని వ్యాగన్ ప్రోగ్రాం మొదటి నుంచి, నా సాయం లేకుండా, రాయడం మొదలుపెట్టింది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. నంబరు దాచడానికి గళ్ళు కేటాయించే వరస వచ్చింది. ఆమె పదకొండు అని రాసింది.

పన్నెండు ఉండాలి. అంకెలకి పదకొండు, గీతకి ఒకటి. ఆ గుర్తు కూడా ఎక్కడో ఒక గడిలో కూర్చోవాలి కదా. కాగితం మీద గీతకి చోటు అక్కర్లేదు, రెండు నంబర్ల మధ్య సందులో నిలబడుతుంది. ఎన్నో ఏళ్ళుగా పదకొండు అంకెలు రాసి గీత గీస్తున్న మనిషి గీతని లెక్కలో వేసుకోదు. కాలేజీ పిల్లలెవరూ చెయ్యని పొరపాటు అది. వాళ్ళు ఏది దాచాలన్నా వంద గళ్ళు రాసి పారేస్తారు.

నాలుక చివరిదాకా వచ్చింది, "గీతకి కూడా గడి కావాలమ్మా" అని. అంతే చెప్పాల్సింది. నాలుగు మాటలు. ఆమె తలెత్తకుండా అడిగింది.

"బాగానే ఉందా అప్పా?"

"రాయి" అన్నాను.

ఆమె ప్రోగ్రాం ఒక నంబరు తీసుకుని, వెంటనే సాక్షి అంకె సరిచూసి, ఆ నంబరు ప్రింట్ చేసి, తరువాతి దానికి వెళుతుంది. అలా ఒక్కొక్కటిగా నడిపితే ఏ లోపమూ బయటపడదు. గుర్తు పక్క గడిలోకి, అంటే తరువాతి నంబరు మొదటి గడిలోకి, జారినా అప్పటికి ఆ గడి ఖాళీయే. నాలుగు నంబర్లిచ్చింది, నాలుగూ శుభ్రంగా వచ్చాయి. చప్పట్లు కొట్టుకుంది. ఆమె వెళ్ళాక నేను అదే ప్రోగ్రాంని కొద్దిగా మార్చి, ముందు అయిదు నంబర్లూ దాచి తరువాత వరసగా ప్రింట్ చేయించాను. రెండో నంబరు మొదటి అంకె మొదటి నంబరు గుర్తు మీద కూర్చుంది, మూడోది రెండోదాని మీద. మొదటి వరసలో అయిదు నంబర్లూ అతుక్కుని ఒకటే పొడుగు తోకగా వచ్చాయి, రెండో వరసలో నాలుగు, మూడో వరసలో మూడు. కింద ఆఖరి నంబరు ఒక్కటే సరిగా ఉంది. చూశాను, తుడిచేశాను, కంప్యూటర్ కట్టేసి ఇంటికి వెళ్ళాను.

ఆ తరువాత ఆమె నాలుగు పాఠాలకి వచ్చింది. ప్రతిసారీ ఇవాళ చెబుదామనుకుంటూ వెళ్ళాను. వేరే అధ్యాయాలు చెప్పాను. పరీక్షలో ఒక్కొక్కటిగానే అడుగుతారేమో, అప్పుడు ఏ గొడవా ఉండదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి నేను కోరుకున్నది ఏమిటో నాకు తెలుసు. కంచే చేను మేసిందని ఊళ్ళో ఎవరి గురించైనా అంటే ముందు నిలబడి తిట్టేదాన్ని నేనే.

ప్రాక్టికల్ మర్నాడు ఆమె పాఠం లేని రోజున వచ్చింది. బెంచీ మీద కూర్చుని బూట్ల వైపు చూస్తూ చెప్పింది. ముందు మొత్తం గూడ్సు నంబర్లన్నీ దాచి, ఆ తరువాత జాబితా ప్రింట్ చెయ్యమన్నారట.

"గూడ్సంతా అతుక్కుపోనాదప్పా. ఆయన యే క్యా హై అనడిగినాడు. నాను ఏటని సెప్తాను? ఎంత సూసినా తెల్లేదు. పక్కనున్న కుర్రోళ్ళు నవ్వినారు." కొంగు లేదు కదా, దుపట్టాతో మొహం తుడుచుకుంది. "నాది మట్టి బుర్రప్పా. నువ్వింత కట్టపడి సెప్పినావు. నీ పరువు తీసీసినాను."

నిజం చెబుతున్నాను. ఆ మాటలు వింటున్నప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం. ఇంకో ఏడాది ఉంటుంది అనుకున్నాను. ఆ తరువాతే సిగ్గు వచ్చింది, అది కూడా కాస్త ఆలస్యంగా. "పోనీలే, మళ్ళీ రాద్దువు గాని" అని వీపు మీద చెయ్యి వేశాను. ఆ చేతిని ఆమె రెండు చేతులతో పట్టుకుంది.

రెండు వారాలు అలాగే గడిచాయి, మునుపటిలాగే మంగళ, గురు, శని. తేలు కుట్టిన దొంగలా కూర్చుని పాఠం చెప్పాను. మాటలు మాత్రం తీపిగా లేవు. మూడో మంగళవారం ఆమె రాలేదు. గురువారం కుంటుకుంటూ వచ్చింది. వానలో యార్డు రాళ్ళ మీద జారి పడిందట. మోకాలికి కట్టు, కట్టు కింద వాపు. మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుని ఎంతసేపు తీసుకుందో పైనుంచి వింటూనే ఉన్నాను. కూర్చుని కాలు చాపుకుని, "ఆపీసులో కుర్సీ నాకు రాసిపెట్టి నేదు గావాల" అని నవ్వింది.

ఇంక ఉండలేకపోయాను.

"నీ బుర్ర మంచిదే" అన్నాను. "గళ్ళు పన్నెండు ఉండాలి. గీతకి కూడా ఒక గడి కావాలి. నువ్వు పదకొండు రాసిన రోజే నేను చూశాను."

ఆమెకి వెంటనే అర్థమైంది, ప్రోగ్రాం సంగతి. కళ్ళు పైకెత్తి గళ్ళు లెక్క వేసుకుని, "ఔనుగదా, ఔనుగదా" అంది. రెండో సంగతి అర్థం కావడానికి ఇంకొంచెం పట్టింది. అప్పుడు కూడా నాకో దారి ఇచ్చింది.

"సెప్పడం మర్సిపోనావేటప్పా?"

"మర్చిపోలేదు."

కింద వీధిలో టెంపో వాడు ఎక్కేవాళ్ళ కోసం సాక్చీ, సాక్చీ అని అరుస్తున్నాడు. ఆమె చాపిన కాలు దగ్గరికి తీసుకుంది.

"మరెందుకు?"

"నువ్వు వెళ్ళిపోతే నాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు." ఇంత వయసొచ్చి ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆ అన్నది కూడా ఇలాంటి చోట అన్నాను.

ఆమె నా మీద అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, అరుపులకి నేను అలవాటు పడ్డదాన్ని. ఆమె చాలా మామూలుగా మాట్లాడింది.

"సక్రధర్‌పూర్ ఎంత దూరమప్పా? బండెక్కితే గంటన్నర. నాకు పాసుంది. ఆదోరం ఆదోరం రమ్మంటే రానా? అడక్కపోతే అమ్మైనా అన్నం పెట్టదంతారు. నువ్వు నన్ను అడగనేదు." సంచీ తీసుకుంది. "ఇంటికాడ గుంటనొక్కద్దాన్నీ ఒగ్గీసి వచ్చి నీ కాడ కూకున్నాను. పరీచ్చ కోసమే కాదప్పా. నాకు మాత్రం ఎవులున్నారు?"

మెట్లు దిగడానికి సాయం వెళితే గోడ పట్టుకునే దిగింది.

ఇంక రాదనుకున్నాను. తరువాతి మంగళవారం సరిగ్గా మూడింటికి వచ్చింది. వాకిట్లో బూట్లు విడిచి, "నమస్తే మేడమ్. ఆజ్ ఫైల్ వాలా చాప్టర్ కర్ లేఁ?" అంది, ఇవాళ ఫైళ్ళ పాఠం చేద్దామా అని, హిందీలో. వచ్చే ఏడాది మళ్ళీ ఎంపిక ఉంది. ఆమె డ్యూటీ వేళలకి కుదిరేలా సి చెప్పేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. ఉంటే వచ్చేది కాదని ఇద్దరికీ తెలుసు.

నేను తెలుగులో చెప్పాను. ఆమె హిందీలో అడిగింది. మోకాలు ఎలా ఉందని తెలుగులో అడిగితే "ఠీక్ హై మేడమ్" అంది. పాఠంలో ఏ మొండితనమూ లేదు, ఇచ్చిన లెక్కలన్నీ చేసుకొచ్చేది, అర్థం కానిది మర్యాదగా అడిగేది. అరగంట పాఠం, అరగంట కాగానే లేచేది. ఒక నెల నేను తెలుగు వదల్లేదు. తరువాత ఒకరోజు ఆమె అడిగినదానికి నాకు తెలియకుండానే హిందీలో జవాబు చెప్పాను. ఆమె తల ఊపి రాసుకుంది. అప్పటి నుంచి ఇద్దరం హిందీయే.

ఆ ఏడాది నేను చెప్పినంత బాగా సి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె రాసిన ప్రతి వరసా వేలు పెట్టి చూశాను. కామా తప్పినా చెప్పాను, ఇప్పుడు పనిచేసి ఎప్పుడో చెడిపోయేవి కూడా ముందే విడదీసి చూపించాను. తప్పు చూపించినప్పుడల్లా ఆమె ఒక్క క్షణం నా మొహం వైపు చూసేది. ఇంకా ఏమైనా దాస్తున్నానా అని చూసేదనుకుంటాను. నాకు కోపం రాలేదు.

ఈసారి నెగ్గింది. చెప్పడానికి మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. కూతురు కింద ఆటోలో ఉందని, సామాను కొనాలని, కూర్చోలేదు. డబ్బా బల్ల మీద పెట్టి, వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. గురువుకి పెట్టే దణ్ణం, లోటు లేకుండా.

ఆమె వాకిలి దాటేలోపు నేను వెనక నుంచి పిలిచాను. నెలల తరబడి వాడని గొంతుతో, తెలుగులో అడిగాను. నాన్న, అమ్మ ఇంట్లో మాట్లాడుకున్నట్టే వచ్చింది.

"ఆదోరం వత్తావా?"

ఆమె ఆగింది. గుమ్మం మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి, నవ్వింది కూడా.

"దేఖ్‌తే హైఁ, మేడమ్" అంది.

నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను. ఇక్కడ ఎవరూ మొహం మీద రానని చెప్పరు, చూద్దాం అంటారు. స్టవ్ బాగుచేసేవాడూ, సున్నం వేసేవాడూ, ఒకప్పుడు నన్ను చూసుకుని వెళ్ళిన పెళ్ళివారూ, అందరూ దేఖ్‌తే హైఁ అనే అన్నారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ మళ్ళీ మా గడప తొక్కలేదు.